కానుకల మీద సేవా, చేతిపనితో సేవా?

క్రైస్తవ సంఘంలో బైబిలు వాక్యం చెప్పాలన్న పిలుపు అందుకున్నవాళ్లను ఎప్పుడో ఒకప్పుడు పట్టుకునే ప్రశ్న ఇది: విశ్వాసుల కానుకలతో బతుకుతూ పూర్తికాలం సేవ చేయాలా, సొంత పనితో సంపాదించుకుంటూ చేయాలా?

ఖర్చు: పూర్తికాల సేవలో ఇల్లు గడిచేది విశ్వాసుల కానుకలతో. చేతిపనిలో సంఘానికి భారం లేదు.

శ్రమ: మొదటిదానిలో ప్రార్థనకు, ధ్యానానికి, పరామర్శకు రోజంతా దొరుకుతుంది. రెండోదానిలో ప్రసంగం రాత్రి మిగిలిన ఓపికతో తయారవుతుంది.

ప్రమాదం: అసలు చిక్కు ఇక్కడే. కానుక ఇచ్చేవారి మొహం చూసి మాట మెత్తబడొచ్చు. అయితే "నేనెవరి ముందూ చెయ్యి చాపను" అనడంలో దీనత్వం కంటే గర్వమే ఎక్కువ ఉండొచ్చు (నాకైతే దీని గురించే భయం). కృపను ప్రకటించేవాడికి ఉచితంగా పుచ్చుకోవడం కూడా రావాలి కదా.

అపొస్తలుడైన పౌలు రెండూ చేశాడు. కొరింథు పట్టణంలో అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. సువార్త ప్రకటించేవారు సువార్తవలన జీవించవచ్చని రాసి కూడా (1 కొరింథీ 9:14) ఆ హక్కును అక్కడ వాడుకోలేదు. ఫిలిప్పీ సంఘంవారు పంపినదాన్ని మాత్రం సంతోషంగా అందుకున్నాడు.

సంఘం కొత్తదైతే, డబ్బు దగ్గర అనుమానాలుంటే చేతిపనే మేలు. సంఘం పెరిగి, కాపరి కోసం ఎదురుచూసే ఇళ్లు ఎక్కువైతే కానుకలు అందుకుని పూర్తిగా సేవలోకి దిగడమే మంచిది.