నూరు మీటర్ల సిగ్నల్ మా తోటలో ఎంత దూరం వచ్చింది: మూడేళ్ల వాడకం తర్వాత

నల్లగొండకు దగ్గరలోని మా బత్తాయి తోటలో ఇంటి వాతావరణ కేంద్రాన్ని బిగించి మూడేళ్లు దాటింది. ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన కొలిచే సెన్సార్ తోటలో ఉంటుంది. అది 433 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలపై పంపే అంకెలను ఇంట్లోని తెర అందుకుంటుంది. సిగ్నల్ 100 మీటర్లు వస్తుందని డబ్బా మీద రాసి ఉంది. మాకు కావలసింది 60 మీటర్లే కనుక నిశ్చింతగా కొన్నాను. మొదటి నెలలోనే అంకెలు ఉండవలసిన చోట రోజూ గీతలు కనిపించసాగాయి.

డబ్బా మీది లెక్క అడ్డేమీ లేని బయలుకు వర్తిస్తుంది. మా సెన్సార్‌కూ ఇంటికీ నడుమ బోరు మోటారు రేకుల షెడ్డు ఉంది. ఇటుక గోడ గుండా రేడియో తరంగం కొంత బలహీనపడి అయినా బయటపడుతుంది గానీ, ఇనుప రేకు దానిని దాదాపు పూర్తిగా వెనక్కి కొడుతుంది. పైగా తెరను మేము ఇనుప బీరువా మీద, గోడకు ఆనించి పెట్టాము. దానిని తోట వైపు కిటికీ గూట్లోకి మార్చిన రోజే గీతలు సగానికి తగ్గాయి.

మిగిలిన సగం కోసం సెన్సార్‌ను అయిదడుగుల పైపు నుంచి షెడ్డు కప్పు దాటేలా పన్నెండడుగుల పైపు మీదికి ఎక్కించాను. ఉష్ణోగ్రతను మనిషి ఎత్తులోపే కొలవాలన్నది ప్రామాణిక పద్ధతి కనుక ఆ అంకె కొంత మారుతుంది; గాలిని మాత్రం 10 మీటర్ల ఎత్తున కొలవాలంటారు కాబట్టి నాకు ఈ బేరం సమ్మతమే. రీఛార్జి సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి, వాటితో సిగ్నల్ తడబడింది, 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేశాక కుదుటపడింది.

వానలో సిగ్నల్ తప్పడానికి చినుకుల కన్నా తడిసిన ఆకులే ఎక్కువ కారణం, అందుకే అడ్డొచ్చిన బత్తాయి కొమ్మలను ఏటా కత్తిరిస్తున్నాను. మా సెన్సార్ వానను మొదటి నుంచీ కూడిన మొత్తంగా పంపుతుంది కాబట్టి నడుమ ఒక సందేశం తప్పినా వర్షపాతం లెక్క పోదు. ఈదురుగాలి వేగం అలా కాదు, ఆ క్షణంలో అందకపోతే మళ్లీ రాదు. మొదటి వేసవిలో గాలిదుమారానికి కాయలు రాలిన సాయంత్రం తెర మీద గీతలే ఉన్నాయి, ఆ అంకె నాకు ఇప్పటికీ లేదు.