వాల్తెల్లీనా రెడ్ వైన్: వెన్న, చీజ్ ఉంటేనే దీని అసలు రుచి

మిలాన్‌కి వచ్చి స్థిరపడ్డాక మా ఇంట్లో రెడ్ వైన్ అంటే ఎక్కువగా వాల్తెల్లీనాదే. ఇటలీ ఉత్తరాన, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఆల్ప్స్ లోయ ఇది. ద్రాక్ష రకం పేరు నెబ్బియోలో, అంటే పేరున్న బరోలో వైన్ చేసేదే. లోయలోని రైతులు దాన్ని కియావెన్నాస్కా అంటారు. బరోలో కొనలేనివాళ్లు తాగేది ఇదని కొందరంటారు గానీ నేను ఒప్పుకోను. దీని రుచి దీనిదే.

గ్లాసులో పోస్తే పలచటి ఎరుపు, అవతల పట్టుకున్న వేళ్లు కనిపిస్తాయి. ఆ రంగు చూసి తేలికపాటి వైన్ అనుకుంటారు. గుక్క వేయగానే పులుపు నాలుక పక్కల తగులుతుంది, వెనకే వగరు చిగుళ్లను పట్టేస్తుంది. ఎండిన గులాబీ రేకులు, పుల్ల చెర్రీల వాసన. ఒట్టిగా తాగితే రెండో గ్లాసుకే నోరు పిడచకట్టుకుపోతుంది. అందుకే ఏమీ తినకుండా దీన్ని తాగొద్దని అందరికీ చెబుతాను.

ఆ పులుపు లోయ ఇచ్చిందే. అద్దా నది తూర్పు నుంచి పడమరకు పారుతుంది కాబట్టి ఉత్తరపు గట్టు మీది వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది. పగలంతా ఎండ, రాత్రి కొండల చలి. ద్రాక్ష బాగా పండుతుంది, పులుపు మాత్రం పోదు. మిలాన్ నుంచి తిరానో వెళ్లే రైల్లో ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే సోంద్రియో పట్టణం వచ్చేముందు సాస్సెల్లా అనే చోటి ద్రాక్షతోటలు కనిపిస్తాయి. నిట్టనిలువు వాలు మీద, సున్నం, సిమెంటు లేకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడలు, వాటి మధ్య మెట్లు మెట్లుగా తీగలు. ట్రాక్టరు ఎక్కదు, పనంతా చేతులతోనే. కొన్నిచోట్ల కోసిన ద్రాక్షను హెలికాప్టర్‌తో కిందికి దించుతారు. ఇలా రాతి గోడలు కట్టే విద్యను యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చింది. సీసా ధర గురించి గొణిగేవాళ్లు ఒక్కసారి ఆ వాలు చూడాలి.

ఇక తిండి సంగతి. ఈ వైన్‌కి సరైన జోడీ అదే లోయ వంటకం పిత్సోక్కెరి, అందులో మాంసం ఉండదు. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టూ పిండితో, కొంచెం గోధుమపిండి కలిపి చేసే బూడిదరంగు పొట్టి పాస్తా. బంగాళాదుంప ముక్కలు, క్యాబేజీ ఉడుకుతున్న నీళ్లలోనే పాస్తా వేస్తారు. నీళ్లు వంచేసి ఒక వరస పాస్తా, ఒక వరస కజేరా చీజ్ పరుస్తారు. పైన వెల్లుల్లి వేసి ఎర్రగా కాచిన వెన్న చుయ్‌మంటూ పోస్తారు. మూడు ముద్దలకే నోరంతా వెన్న పేరుకుంటుంది. అప్పుడు ఒక గుక్క వేస్తే ఆ జిడ్డంతా కడిగేసినట్టు పోతుంది, చిగుళ్లను పట్టిన వగరు కూడా మెత్తబడుతుంది. మళ్లీ ముద్ద మీదికి మనసు పోతుంది. ఇన్నాళ్లలో ఇంతకన్నా బాగా కుదిరిన జోడీ నాకు దొరకలేదు.

మాంసం తినేవాళ్లకి బ్రెజావోలా ఉంది. ఉప్పు పట్టించి ఆరబెట్టిన గొడ్డుమాంసం, పల్చటి పొరలుగా కోసి పెడతారు. బాగుంటుంది, కాకపోతే అందులో కొవ్వు తక్కువ కాబట్టి పక్కన ముదిరిన బిట్టో చీజ్ ముక్క ఉండాలి.

మన వంటల్లో మిరపకారం ఉన్నవేవీ దీనికి నప్పవు. కారం, వగరు కలిస్తే మంట రెట్టింపవుతుంది. గోంగూర మటన్‌తో నోరు మండింది, ఆవకాయతో వైన్ చేదెక్కింది. మిరియాలతో చేసిన మటన్ వేపుడు మాత్రం చాలా బాగా కుదిరింది. ముద్దపప్పులో నెయ్యి ధారాళంగా వేసుకుంటే దానితోనూ ఇబ్బంది లేదు.

కొత్తగా కొనేవాళ్లు రోస్సో ది వాల్తెల్లీనాతో మొదలుపెట్టండి. రోజువారీ భోజనానికి అదే నయం. చుట్టాలొస్తే దానికన్నా పై రకం, వాల్తెల్లీనా సుపెరియోరే అనేది తెరుస్తాను. అది కనీసం 24 నెలలు మాగాలి, అందులో 12 నెలలు చెక్క పీపాల్లో. అందులోనూ నా ఓటు సాస్సెల్లా తోటల వైన్‌కే. కోసిన ద్రాక్షను ఆరబెట్టి చేసే స్ఫోర్జాతో అనే వైన్‌లో ఆల్కహాల్ 14 శాతానికి తగ్గదు. భోజనంతో నాకది బరువు. అన్నం తిన్నాక చీజ్‌తో చిన్న గ్లాసు చాలు. ఎండాకాలంలో రోస్సోను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, మరీ చల్లబడితే వగరు ఇంకా గుచ్చుకుంటుంది.