మూడేళ్లుగా వాడుతున్న ఫైబర్ రూటర్: ఆ ఒక్క పేజీ లేకపోతే లాప్‌టాప్ మార్చేసేదాన్ని

మా లోకల్ కేబుల్ ఆయన బిగించిన ఫైబర్ రూటర్ మూడేళ్లుగా వాడుతున్నాం. స్పీడెంత, యాంటెన్నాలెన్ని అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది దీని లోపల మామూలుగా ఎవరూ తెరవని ఒక పేజీ గురించి.

నాది ఇంట్లోంచి జీఎస్టీ రిటర్నులు వేసే పని. 20వ తారీఖు దగ్గర పడిందంటే 3బీలు అనే నెలవారీ రిటర్నుల కోసం పోర్టల్ ముందే కూర్చుంటా, ఓటీపీ కొట్టేలోపు నెట్ పోయిందా మళ్లీ మొదటికే. సంక్రాంతికి ఇంటికి రంగులేయించిన దగ్గర్నుంచి సరిగ్గా ఇదే గొడవ. పగలంతా బాగుంటుంది, సాయంత్రం ఆరూ ఏడు మధ్య రెండు మూడుసార్లు పోతుంది, రెండు నిమిషాల్లో దానంతటదే వస్తుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు, ఇంకోసారి చేస్తే సాయంత్రం లోడ్ ఎక్కువుంటుంది మేడమ్ అన్నారు. లైన్ చూసే అబ్బాయేమో పొద్దున వస్తాడు, అప్పుడు అన్నీ పచ్చ లైట్లే. వైఫై డ్రైవర్ తీసేసి మళ్లీ వేశా, డీఎన్‌ఎస్ సెట్టింగ్ మార్చా, ఆఖరికి విండోస్ ఫార్మాట్ కూడా కొట్టించా, అందులో ఇద్దరు క్లయింట్ల పాత ఎక్సెల్ ఫైళ్లు పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత ఒకరోజు రెండు కమాండ్ విండోలు తెరిచి ఒకదాంట్లో రూటర్‌కి, అంటే 192.168.1.1కి, రెండోదాంట్లో బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టి, అంటే జవాబు వస్తోందా లేదా అని చూస్తూ, కూర్చున్నా. నెట్ పోయినప్పుడు రూటర్ జవాబిస్తూనే ఉంది, బయటిదే ఆగిపోయింది. అంటే లాప్‌టాప్‌దీ వైఫైదీ తప్పు కాదు. రూటర్ కింద స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్‌తో లోపలికెళ్తే స్టేటస్‌లో ఆప్టికల్ అని ఒక పేజీ ఉంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. అందులో ఆర్ఎక్స్ పవర్ మైనస్ 27.3 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే యూనిట్). ఫైబర్‌లోంచి మన డబ్బాకి ఎంత వెలుగు అందుతోందో ఆ అంకె చెప్తుంది, మైనస్ 8 నుంచి మైనస్ 27 లోపు ఉండాలి, 3 తగ్గిందంటే వెలుగు సగం పోయినట్టే. మాది అప్పటికే అంచు దాటేసింది.

ఫోన్‌లో ఆ పేజీ పెట్టుకుని రూటర్ పక్కనే నిలబడ్డా. అత్తయ్య మేడ మీద ఆరిన బట్టలు మడతపెట్టి తెచ్చి బీరువా తలుపు తీశారు, టకామని చప్పుడు, వెంటనే రూటర్ మీద ఎల్‌ఓఎస్ దగ్గర, అంటే ఫైబర్ సిగ్నల్ పోయిందని చెప్పేచోట, ఎర్ర లైటు. పేజీ రిఫ్రెష్ చేస్తే మైనస్ 29.8. "అత్తయ్యా, ఒక్కసారి తలుపు వేయండి" అన్నా. వేశారు, మైనస్ 27.3. "మళ్లీ తీయండి." మైనస్ 29.8. నా ఒళ్లు జలదరించింది. రంగులేసినవాళ్లు బీరువాని గోడకి నొక్కి పెట్టేశారు, రూటర్‌కొచ్చే పసుపు ఫైబర్ వైరు దాని వెనక మూలకి నలిగి ఉంది, తలుపు తీసినప్పుడల్లా బీరువా కాస్త ఊగి ఇంకా నొక్కుతోంది. బట్టలు సర్దేది సాయంత్రమే కాబట్టి నెట్ పోయేదీ సాయంత్రమే. ఆ వైరు లోపల ఉండేది వెంట్రుకంత గాజు, అలా మడత పడితే వెలుగు పక్కకి కారిపోతుంది. ఇద్దరం కలిసి బీరువా జరిపి వైరుని పెద్ద చుట్టగా వదులుగా పెట్టాం. మైనస్ 21.6. దాదాపు నాలుగు రెట్ల వెలుగు, పైసా ఖర్చు లేకుండా! ఆ నెల 3బీలు అన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

అలాగని మొత్తం డబ్బా గొప్పదని అనను. వైఫై రేంజ్ సూపర్ అని మొదట్లో చాలామందికి చెప్పా, ఆ మాట హాలూ పక్క గది వరకే నిజం, వంటింట్లో వీడియో కాల్ తడబడుతుంది. వైరు గుచ్చే లాన్ పోర్టులు రెండున్నా ఒకటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), రెండోది 100 దాటదు, అది నాకు ఏడాదికి గానీ తెలీలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు బాగా వేడెక్కుతుంది కూడా. ఇంకో సంగతి, కొందరు ఆపరేటర్లు ఈ పేజీని లాక్ చేసి ఇస్తారు, అప్పుడు నేను మెచ్చుకున్నదేదీ మీకు పనికిరాదు, బిగించే రోజే అడిగి చూపించమనండి.

మాది ఒకే అంతస్తు, మూడు గదులు, నెట్ మీద పనిచేసేది నేనొక్కదాన్నే కాబట్టి మాకు సరిపోతోంది. మేడ మీద గది వేసే ఆలోచన ఉంది, అది అయ్యాక ఇదే ఉంచుతామో లేదో ఇప్పుడే చెప్పలేను.