హేమాయెలో పఫిన్లు: వెళ్ళొచ్చు, కానీ సాయంత్రం పూట

హేమాయె దీవికి ఐస్‌లాండ్ దక్షిణ తీరంలోని లాండేయాహోఫ్న్ రేవు నుంచి ఫెర్రీలో సుమారు 40 నిమిషాలు. సముద్రం బాగోకపోతే ఫెర్రీని థోర్లాక్స్‌హోఫ్న్ రేవుకు మళ్ళిస్తారు, అప్పుడు రెండున్నర గంటలు దాటుతుంది. అందుకే అదే రోజు విమానం పెట్టుకోవద్దు.

పఫిన్లనే ఈ సముద్రపు పిట్టలు మే నుంచి ఆగస్టు వరకే ఉంటాయి. పగలు చాలామటుకు వేటకని సముద్రం మీదే తిరుగుతాయి. మధ్యాహ్నం వచ్చి 'పిట్టల్లేవు' అని ఒక స్టార్ ఇచ్చేవాళ్ళది సగం వాళ్ళ తప్పే. రాత్రి ఏడు దాటాక దక్షిణ కొసన ఉన్న స్టోర్‌హోఫ్‌దికి వెళ్ళండి. పిట్టల్ని చాటుగా చూసేందుకు అక్కడ కట్టిన చెక్క గదిలోంచి చూస్తే పిట్టలు బెదరవు. గాలికి ఎదురుగా వచ్చి వాలతాయి కాబట్టి గాలి ఎటు వీస్తోందో ముందే చూసుకుంటే ఫోటోకి ముఖం దొరుకుతుంది. 300 ఎం.ఎం. లెన్స్, 8x42 బైనాక్యులర్స్ చాలు. ట్రైపాడ్ ఆ గాలికి నిలవదు.

అంచున గడ్డి మీద అడుగు పెట్టకండి, కింద బొరియలుంటాయి, కూలుతుంది. ఫుల్మార్ అనే సముద్రపు పిట్ట గూటి దగ్గరికి పోతే కంపు నూనె కక్కుతుంది, బట్టలకు ఆ వాసన ఓ పట్టాన వదలదు.

పడవ టూర్‌లో కొండచరియల గూళ్ళు బాగా కనిపిస్తాయి, ఫోటోలు మాత్రం అదురుతాయి. పగలు ఖాళీగా ఉంటే 1973లో పుట్టిన ఎల్డ్‌ఫెల్ అగ్నిపర్వతం ఎక్కండి. సర్ట్‌సీ దీవి మీద దిగనివ్వరు, అది పరిశోధకులకే.

నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది వాతావరణానికి.