ఒకే కారు, మూడు రకాల పాలసీలు

నా కారుకు తొమ్మిదేళ్లు. ఒకే కంపెనీ దగ్గర దీనికి మూడు రకాల ఇన్సూరెన్సు వాడాను: ముందు జీరో డెప్ (మార్చిన భాగాల ధరలో పాతదనం పేరుతో కోత పెట్టనిది), తర్వాత మామూలు కాంప్రహెన్సివ్ (మన కారుకీ, ఎదుటివాళ్లకీ జరిగే నష్టానికి), ఇప్పుడు ఉత్త థర్డ్ పార్టీ.

జీరో డెప్‌తో రెండో ఏడాదే పనిబడింది. పార్కింగ్‌లో రివర్స్ చేస్తూ స్తంభానికి గుద్దాను. వెనక బంపర్ చీలింది, డిక్కీ తలుపు సొట్టపోయింది. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, నాలుగో రోజుకి కారు చేతికొచ్చింది. ప్రతి క్లెయిముకీ మనం పెట్టుకోవాల్సిన ఆ కాస్త మొత్తం తప్ప నా జేబుకి చిల్లు పడలేదు.

ఆరో ఏడు వచ్చేసరికి కారు పాతదైంది, జీరో డెప్ కుదరదన్నారు. మామూలు కాంప్రహెన్సివ్ తీసుకున్నా. "అన్నీ కవరవుతాయి సార్" అన్నాడు ఏజెంటు. ఈసారి ముందు బంపర్ వంతు. బిల్లులో ప్రతి వస్తువు పక్కనా ఒక కోత. బంపర్, గ్రిల్ ప్లాస్టిక్ కాబట్టి 50 శాతం. బానెట్ రేకుకి, కారు వయసును బట్టి, 40 శాతం. అద్దానికి కోత లేదట, కానీ నా అద్దం పగల్లేదు కదా! ఈ కోతల పట్టిక పాలసీ కాగితాల్లోనే ఉంది. చదవకపోవడం నా తప్పే, కానీ అమ్మేటప్పుడు ఒక్క మాట అనొచ్చు.

అసలు దెబ్బ రెన్యువల్‌లో తగిలింది. మూడేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అయింది. కాగితం మీద లెక్కేసి చూస్తే, పోయిన ఆ తగ్గింపు కంపెనీ ఇచ్చినదానికి దాదాపు సరిపోయింది. బంపర్ నా డబ్బుతోనే వేయించుకుని ఉంటే సర్వేయర్ చుట్టూ తిరిగే పనైనా తప్పేది.

పోయినేడాది నుంచి థర్డ్ పార్టీ ఒక్కటే. నా కారు వల్ల వేరేవాళ్లకి జరిగే నష్టానికే అది. నా కారు కాలినా, మునిగినా, దొంగలెత్తుకెళ్లినా పైసా రాదు. ఏటా విలువ తగ్గించుకుంటూ వచ్చి కంపెనీ దీనికి కట్టిన ధర చూశాక, పోతే పోయిందనుకోగలననిపించింది. పెద్ద వానొస్తే టెన్షన్ మాత్రం ఉంటుంది.

మొన్న మా ఆవిడ కొత్త కారు కొంది. దానికి జీరో డెప్‌తో పాటు ఇంజిన్ కవర్ కూడా తీసుకున్నాం. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే మామూలు కాంప్రహెన్సివ్‌లో ఇవ్వరు. తాళం పోతే ఇచ్చే కవర్ కూడా అంటగట్టబోయారు, వద్దన్నాను. "తాళాలు పారేసేది మీరేగా, నేను కాదు కదా" అంది ఆవిడ.

కంపెనీకి అయిదుకి మూడు. క్లెయిమ్ వేగానికి ఇచ్చిన మార్కులవి. ఆ ఏజెంటు మాటకైతే ఒకటే.