మాత్రలు వెంట తీసుకెళ్లడమా, వెళ్లిన ఊళ్లో మందు తీసుకోవడమా?

ఓపియాయిడ్ (హెరాయిన్, నల్లమందు వంటి మత్తుమందుల) వ్యసనానికి చికిత్స పొందుతున్నారని మహబూబ్‌నగర్ నుంచి ముంబై పనులకో, నల్గొండ నుంచి దూరపు పెళ్లికో వెళ్లడం మానుకోనక్కరలేదు. మందు మాత్రం ఆగకూడదు.

నాలుగైదు రోజుల ప్రయాణమైతే నేను మాత్రలవైపే మొగ్గుతాను. ఈ చికిత్సలో వాడే బ్యుప్రెనార్ఫిన్, నాలాక్సోన్ అనే మందులు కలిసిన మాత్రలను డాక్టరు కొన్ని రోజులకు సరిపడా రాసివ్వగలరు. నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరగనివ్వాలి. మింగితే సరిగా పనిచేయవు. కాబట్టి బస్సెక్కాక హడావిడి పడేకంటే ఇంట్లోనే వేసుకుని బయలుదేరండి. మిగిలినవి అసలు స్ట్రిప్పులోనే, డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలో ఉండాలి. యూఏఈ వంటి దేశాలకైతే ముందస్తు అనుమతి కావాలి.

నెలల తరబడి వలస వెళ్లేవారికి, ఇదే చికిత్సలో వాడే మరో మందు మెథడోన్ తీసుకునేవారికి రెండో దారే, అంటే వెళ్లిన ఊళ్లో మందు తీసుకోవడమే నయం. మెథడోన్ ద్రవాన్ని మన చికిత్సా కేంద్రాల్లో సాధారణంగా రోజూ సిబ్బంది ఎదుటే తాగాలి. బయలుదేరకముందే అక్కడి కేంద్రంతో మాట్లాడి, మోతాదు, చివరిసారి తీసుకున్న తేదీ రాసిన లేఖ పట్టుకెళ్లాలి. ఇది శ్రమే, కానీ తప్పదు. కొన్ని రోజులు తప్పితే శరీరం తట్టుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు పాత మోతాదే ప్రాణాంతకం కావచ్చు.

ఏ దారైనా కల్లు, మద్యం, నిద్రమాత్రలు వద్దు. ముఖ్యంగా ఆల్ప్రజోలం అనే మత్తునిచ్చే మందు కలిపిన కల్తీ కల్లు ఈ మందులతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. పెళ్లింట్లో ఎంత బలవంతపెట్టినా వద్దనండి.