విండోస్ 10 కాలం తీరింది: పాత లాప్‌టాప్‌కు ఏ దారి మేలు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిచేసే మామూలు అప్‌డేట్లు, ఆపేసింది. అప్పటి నుంచి హన్మకొండలో ఏ కంప్యూటర్ షాపులో కూర్చున్నా ఇదే ముచ్చట. "అన్నా, స్క్రీన్ మీద ఏదో మెసేజ్ వస్తుంది, లాప్‌టాప్ మార్చాలెనా?" అని నయీంనగర్ హాస్టల్ పిల్లల దగ్గర నుంచి పరకాలలో జిరాక్స్ సెంటర్ నడిపేవాళ్ల దాకా అందరిదీ ఒకటే టెన్షన్. నా మాట ముందే చెప్తాను, చాలామందికి మార్చాల్సిన అవసరం లేదు. ఆ మెషీన్‌తో మీరు ఏం పని చేస్తారు, దానికి ఏమేం తగిలించుకున్నారు, ఈ రెండూ చూసుకుంటే ఏ దారి పట్టాలో తేలిపోతుంది.

మద్దతు ఆగినంత మాత్రాన మెషీన్ ఆగదు, రేపు కూడా ఆన్ అవుతుంది, అందుకే చాలామంది ఏమీ చేయకుండా అట్లనే వాడుతున్నారు. అన్నిటికంటే నాకు భయం ఈ దారి మీదే. "యాంటీవైరస్ ఉంది కదా" అంటారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లను తాళం వేసి డబ్బులడిగినప్పుడు, అది దూరిన లోపానికి ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోని మెషీన్లే దొరికిపోయాయి. ఇప్పుడు విండోస్ 10తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా వస్తూనే ఉంటాయి, అది చూసి అంతా బాగానే ఉందనుకోవద్దు. డిఫెండర్ ఇంట్లో దూరిన దొంగను పట్టుకునేది, విరిగిన గడియను బాగు చేసేది ప్యాచ్. ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, పట్టాదారు పాస్‌బుక్కుల స్కాన్లు డెస్క్‌టాప్ మీదే పోసి పెట్టుకునే సెంటర్లు ఎన్ని లేవు! ఆ కాగితాలు సెంటర్లవి కావు, వాటిని నమ్మి ఇచ్చినవాళ్లవి.

అసలు మీ మెషీన్‌కు విండోస్ 11 పడుతుందో లేదో ముందు చూడండి. ఇంటెల్ అయితే ప్రాసెసర్ పేరులో గీత తరువాత వచ్చే నంబరు చూస్తే చాలు: ఐ5-8250యు అంటే ఎనిమిదో తరం, పడుతుంది, ఐ5-7200యు అంటే ఏడోది, పడదు. దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు అది ఉండీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లో) ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే "పనికిరాదు" అన్న మెషీనే పనికొస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు. పడితే విండోస్ 11 వేసుకోండి, ఇక మిగతాది మీకు అక్కరలేదు.

పడని వాళ్లకే అసలు లెక్క.

రూఫస్ అనే టూల్‌తో ఈ ప్రాసెసర్, టీపీఎం తనిఖీని దాటేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతి ఉంది, "వేసిస్తాం" అనే షాపులూ ఉన్నాయి. ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. కానీ ఇట్లాంటి మెషీన్లకు అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కు మళ్లీ అదే తతంగం. పైగా విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్లు కొన్నిటిలో అది బూట్ కూడా కాదు. తెలిసిన కుర్రాడు సరదాకు చేసుకుంటే చేసుకోనీ, బతుకుదెరువు మెషీన్ మీద మాత్రం వద్దు.

జిరాక్స్ సెంటర్లకు, డీటీపీ వాళ్లకు, టాలీలో లెక్కలు రాసుకునే వ్యాపారులకు నేను చెప్పేది విండోస్ 10లోనే ఉండి ఈఎస్‌యూ తీసుకోమని. అంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వచ్చే పథకం. ధర 30 డాలర్లు అని పెట్టారు గానీ, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. మెషీన్‌లో విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉండాలి. అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనబడుతుంది. ఆఫీసు డొమైన్‌కు (కంపెనీ నెట్‌వర్క్‌కు) కట్టిన కంప్యూటర్లకు ఈ ఇంటి పథకం వర్తించదు, కంపెనీల రేటు వేరు, మెషీన్‌కు మొదటి ఏడాదికే 61 డాలర్లు.

విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ ఉంది, వీళ్లను దానికి ఎందుకు మారమననో చెప్తాను. ఒక మామూలు జిరాక్స్ సెంటర్ టేబుల్ చూడండి: కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్, పక్కన వేలిముద్ర మిషన్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అయినా మన పెళ్లి పత్రికలు, మేడారం జాతర కరపత్రాలు ఇంకా అందులో తయారవుతూనే ఉన్నాయి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, వాటి కీబోర్డు విండోస్ కోసం చేసింది, ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లన్నీ వాటిలోనే. ఆ కానన్ ప్రింటర్‌ను లైనక్స్‌తో కుదర్చడం పెద్ద తిప్పలు, కుదిరినా ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. సర్టిఫికెట్ కోసం బస్సు దిగి వచ్చినామె ముందు ప్రింటర్ మొండికేస్తే ఆమె పనీ పోయింది, మీ గిరాకీ కూడా పోయింది. ఈఎస్‌యూతో దొరికిన ఈ ఏడాదిలో మెల్లగా పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం మొదలుపెడితే, ఆ తరువాత ఏ దారైనా సులువవుతుంది.

చదువుకునే పిల్లల సంగతి పూర్తిగా వేరు, ఇక్కడ లైనక్స్‌లో ఒక రకమైన మింట్‌దే పైచేయి అని గట్టిగా అంటాను. బ్రౌజర్, వీడియో క్లాసులు, పీడీఎఫ్‌లు, సీ, పైథాన్, జావా, లిబ్రేఆఫీస్‌లో రికార్డు రాసుకోవడం, దరఖాస్తులు నింపడం, అన్నీ హాయిగా జరుగుతాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. మింట్ 22 వరుస వెర్షన్లకు 2029 దాకా మద్దతు ఉంది. కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్లుగా లైనక్స్ మీదే నడుస్తున్నాయి, కాబట్టి ఇది ఇంజినీర్లకే అర్థమయ్యేదన్న మాట నిజం కాదు. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కావాల్సిన సివిల్, మెకానికల్ వాళ్లకు మాత్రం కుదరదు, వాళ్లు విండోస్‌లోనే ఉండాలి.

మింట్‌ను వేసుకునే ముందే వాడి చూడొచ్చు, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఖాళీ పెన్‌డ్రైవ్‌లో (ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీదే తీసుకోండి) ఎక్కించి దాని నుంచే బూట్ చేస్తే, లోపలి డిస్క్ ముట్టకుండా మొత్తం తెరుచుకుంటుంది. వైఫై పట్టిందా, సౌండ్ వస్తుందా, ప్రింటర్ పలుకుతుందా, అరగంటలో తెలిసిపోతుంది. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయడమే.

ఏ దారి పట్టినా, లోపల పాత హార్డ్ డిస్క్ ఉంటే ముందు దాని బదులు ఎస్ఎస్‌డీ (చాలా వేగంగా పని చేసే డిస్క్) పెట్టించండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ దగ్గర పదో పదిహేనో శాతం, డిస్క్ దగ్గర మాత్రం 100 అని కదలకుండా ఉంటుంది చూడండి, మీ లాప్‌టాప్ ఆన్ కావడానికి అంతసేపు పట్టేది అందుకే. ఆ ఒక్కటి మార్చితే ఏడో తరం మెషీన్ కూడా చురుగ్గా పని చేస్తుంది.

ఇక కొత్తది. ఇది అసలే మంచి సమయం కాదు. ఏఐ డేటా సెంటర్ల కోసం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మెమరీ ఉత్పత్తిని అటు మళ్లించడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. మనం షాపులో అడిగి కొనుక్కునే క్రూషియల్ బ్రాండు వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. సరిగ్గా పాతవి మార్చుకోమన్న వేళకే కొత్తవి పిరమైనాయి. అప్పు చేసి 4 జీబీ, 8 జీబీ ర్యామ్‌తో అన్నిటికంటే చౌక మోడల్ కొత్తది కొనడం కంటే, కంపెనీలు వాడి వదిలేసిన ఎనిమిదో తరం బిజినెస్ లాప్‌టాప్ మేలని నా అభిప్రాయం. థింక్‌ప్యాడ్ టీ480 లాంటివి గట్టి కట్టడం, ర్యామ్ పెంచుకోవచ్చు, విండోస్ 11 అధికారికంగా పడుతుంది, మింట్ కూడా సాఫీగా నడుస్తుంది. వరంగల్‌లో దొరకకపోతే పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోతే సాయంత్రానికి తిరిగి రావొచ్చు.

కొనేటప్పుడు మాత్రం షాపులోనే బయోస్ తెరిపించండి, పాస్‌వర్డ్ అడిగితే వద్దనండి. తరువాత విండోస్‌ను మొదటి నుంచి రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి, లాగిన్ పేజీ దాకా రానివ్వండి. అక్కడ ఏదైనా కంపెనీ పేరు కనబడితే ఆ మెషీన్ ఇంకా వాళ్ల లెక్కలోనే ఉన్నట్టు, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.